ఆదివారం సంతకు చోటివ్వండి: బెంగళూరు నగర అధికారులకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర పాలక అధికారులకు, ఉద్యాన శాఖ, మార్కెటింగ్ శాఖ అధికారులకు, అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు నమస్కారం.

మాది కోలారు జిల్లా ముళబాగిలు పక్కన పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు తూర్పు వైపు వచ్చి స్థిరపడ్డాను. మా కాలనీ చివర, సర్వీస్ రోడ్డు పక్కన ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ స్థలంలో ప్రతి ఆదివారం పొద్దున ఒక చిన్న సంత జరిగేది. ముళబాగిలు, శ్రీనివాసపుర, చింతామణి వైపు నుంచి, సరిహద్దు అవతల మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి సన్నకారు రైతులు తాము పండించింది తామే తెచ్చి అమ్ముకునేవాళ్లు. తెల్లారి ఆరింటికి మొదలై పదకొండుకల్లా అయిపోయేది. అక్కడ అమ్మేవాళ్లలో మా అన్న కూడా ఒకడు. ఆ సంగతి మీకు ముందే తెలియడం న్యాయమని చెబుతున్నాను.

ఆ సంతను ఆపేశారు. రాతపూర్వకంగా ఒక్క నోటీసు లేదు. ఒక వారం సిబ్బంది వచ్చి ఖాళీ చేయమన్నారు. తర్వాతి వారం రైతుల కాటాలు, రెండు టమాటా బాక్సులు జీపులో వేసుకుని వెళ్లిపోయారు. రసీదు ఇవ్వలేదు. కొనేవాళ్లం, అమ్మేవాళ్లం కలిసి సంతకాలు పెట్టి కన్నడంలో అర్జీ ఇచ్చాం. గుర్తు చేస్తూ మరొకటి ఇచ్చాం. స్టాంపు వేసి తీసుకున్నారు, జవాబు మాత్రం లేదు. అది ఏ కార్యాలయమో ఇక్కడ రాయడం లేదు. ఎవరో ఇద్దరు ఉద్యోగుల మీద చర్య తీసుకుంటే మా పని అయిపోదు. మాకు కావలసింది చోటు.

ఈ లేఖను తెలుగులో రాయడానికి కారణం, ఆ సంతలో అమ్మేవాళ్లలోనూ కొనేవాళ్లలోనూ చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఏం అడుగుతున్నామో వాళ్లందరికీ తెలియాలి. కన్నడ ప్రతిని మీకు విడిగా పంపుతున్నాం. సంత ఆగిపోతే ఎవరికి ఏం పోతుందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. రైతు చేతికి వచ్చేది తగ్గిపోతుంది. రిజర్వ్ బ్యాంక్ 2024లో టమాటా, ఉల్లి, బంగాళాదుంప ధరల మీద ఒక అధ్యయనం వెలువరించింది. కొనేవాళ్లు పెట్టే ప్రతి వంద రూపాయల్లో రైతుకు చేరేది టమాటాలో 33, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37 రూపాయలని అందులో లెక్క తేల్చారు. మిగతాది దారిలోనే ఖర్చయిపోతుంది. దారిలో ఉన్నవాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. హమాలీలు బతకాలి, లారీ నడవాలి, దుకాణదారు అద్దె కట్టుకోవాలి. కానీ వంద కిలోమీటర్ల లోపు నుంచి వచ్చే కూరగాయకు కూడా అంత పొడుగు దారి ఒక్కటే ఎందుకు ఉండాలి?

కోలారు మార్కెట్లో టమాటా 15 కిలోల బాక్సు లెక్కన వేలం పోతుంది. బాక్సు వంద రూపాయలు పలికిన రోజు కిలోకు ఏడు రూపాయలు కూడా పడవు. అందులోంచే కోత కూలి, బండి బాడుగ, కమీషన్ పోవాలి. నారుకు, కట్టెలకు, డ్రిప్పుకు, మందులకు తెచ్చిన అప్పు అలాగే ఉంటుంది. కోస్తే కూలి దండగని పండును చెట్టు మీదే వదిలేసిన ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. 2023 జులైలో అదే బాక్సు రెండు వేలు దాటిందని మీరు గుర్తు చేయవచ్చు. తోటలు దెబ్బతిని కాయ లేకపోబట్టే అప్పుడు ధర అంత పెరిగింది. ఆ నెలలో అమ్మడానికి పంట చేతిలో ఉన్న ఇల్లు మా వీధిలో ఒక్కటంటే ఒక్కటి.

సంతలో ధర ఇలా ఊగదు. మండీలో బాగా పడిపోయిన రోజుల్లో మా అన్న కిలో ఇరవైకి అమ్మేవాడు. మండీలో ఆకాశాన్నంటిన రోజుల్లో కూడా నలభై, యాభై దాటి చెప్పేవాడు కాదు. వచ్చే ఆదివారం మళ్లీ అవే మొహాలు చూడాలి కదా అనేవాడు.

2. చేను మారిపోతుంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. సేంద్రియ సాగు చేయండి, పంటలు మార్చండి, చిరుధాన్యాలు వేయండి అని రైతులకు చెప్పడంలో ప్రభుత్వం వెనకబడలేదు. కర్ణాటక 2004లోనే సేంద్రియ వ్యవసాయ విధానం తెచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. శిక్షణలు ఇస్తున్నారు, విత్తనాలు ఇస్తున్నారు. అమ్ముకునే చోటు ఎలా ఉంటే చేను అలా ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

పది కట్టల మెంతికూర, ఐదు కిలోల అనపకాయలు (చిక్కుడు జాతి, కన్నడంలో అవరెకాయి), ఒక బుట్ట కాకరకాయలు పట్టుకుని మండీకి వెళితే వేలంలో వాటి వంక ఎవరూ చూడరు. మండీకి లోడు కావాలి. లోడు కావాలంటే చేనంతా ఒకే పంట వేయాలి. చేనంతా ఒకే పంట అయితే పురుగూ తెగులూ ఒక్కసారే ముంచుకొస్తాయి, వరసగా మందులు కొట్టక తప్పదు. ధర పడిపోతే మొత్తం ఒక్కసారే పోతుంది.

మా నాయన కాలంలో రాగి చేనులో అనప, కంది, ఆముదం సాళ్లు ఉండేవి. వాన మొహం చాటేసినా ఏదో ఒకటి ఇంటికొచ్చేది. అనప, కంది వేళ్లు నేలకు నత్రజని అందిస్తాయి. రాగి గడ్డి పశువులకు మేత, పశువుల పేడ తిరిగి చేనుకు ఎరువు. ఇందులో కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు, మా పెద్దవాళ్లకు చేతనైన సాగే ఇది. సంత మొదలయ్యాక మా అన్న టమాటా తగ్గించి మళ్లీ ఈ సాళ్లు వేశాడు. గట్ల మీద గోగాకు, పందిరి మీద బీర, కాకర, బోరు కాలువ వెంట పొన్నగంటి, తోటకూర. అతను పరిచే గోనెపట్టా మీద పది రకాలు ఉండేవి. ఏదీ పాతిక కిలోలు మించదు. పదకొండింటికి పట్టా దులిపి మడతపెట్టుకుని బస్సెక్కేవాడు.

చలికాలం అనపకాయల సంగతి బెంగళూరు వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. కాయ ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటుకోవాలి, ఆ ఘాటు వాసన రావాలి. ఒలిచి, నానబెట్టి, పొట్టు పితికితే పితికిపప్పు. మంచు పడిన చేలో కోసిన కాయ మర్నాడే వంటింట్లో ఉంటేనే ఆ వాసన నిలుస్తుంది. గోదాముల్లో, ట్రక్కుల్లో నాలుగు రోజులు తిరిగొచ్చిన కాయలో అది ఉండదు. రాగి సంగటిలోకి ఆ పులుసు కోసం మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ముందురోజే మా అన్నకు ఫోన్ చేసి చెప్పుకునేవాళ్లు.

సంత ఆగిపోయింది. ఈసారి ఎకరం మొత్తం మళ్లీ టమాటా వేశాడు. అతన్ని నేను తప్పుపట్టలేను.

3. కష్టపడేవాళ్ల వంటింటి మీద భారం పడుతుంది. ఇది కార్లలో వచ్చి సేంద్రియ కూరగాయలు కొనుక్కునేవాళ్ల సరదా అని ఒక అధికారి మాతో అన్నారు. ఆయన ఒక్క ఆదివారం వచ్చి చూసి ఉంటే బాగుండేది. ఏడింటి దాకా వచ్చేవాళ్లలో ఎక్కువమంది గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లు, ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లు, కడపవైపు నుంచి, అనంతపురం వైపు నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న కుటుంబాలు. వాళ్లు పావుకిలో వంకాయలు, ఐదు రూపాయల కొత్తిమీర, గుప్పెడు పచ్చిమిరపకాయలు కొంటారు. ఫోన్‌లో ఆర్డర్ పెట్టే యాప్‌లు ఆ మాత్రం బేరానికి ఇంటికి రావు. కాస్త వంకరగా ఉన్న కాయ, సైజు తగ్గిన కాయ సంతలో చవకగా దొరుకుతుంది. పెద్ద దుకాణాల గ్రేడింగ్‌లో అలాంటివి పక్కకు పోతాయి. తినడానికి వాటిలో ఏ లోపమూ లేదు.

అమ్మేవైపు కూడా కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. మండీ డబ్బు మగవాళ్ల చేతికి వస్తుంది, చాలాసార్లు అప్పుకే జమవుతుంది. సంతలో వచ్చిన చిల్లర ఆమె కొంగున ఉంటుంది. పిల్లల బస్ పాస్, అత్తగారి బీపీ మాత్రలు దాంతోనే వస్తాయి.

4. రైతు ఏ చట్టం నీడలోకీ రాకుండా పోతున్నాడు. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో ఉంది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. ఏళ్ల తరబడి జనం చేరే చోట్లను సహజ మార్కెట్లుగా గుర్తించి, వాటిని నిషేధ ప్రాంతాలుగా ప్రకటించకూడదని కూడా ఉంది.

మంచి చట్టం. చిక్కల్లా ఒక్కచోట. సర్టిఫికెట్ కావాలంటే తనకు వేరే జీవనోపాధి లేదని హామీ రాసివ్వాలి. వ్యవసాయం చేసే మనిషి అలా ఎలా రాసిస్తాడు? రాస్తే అబద్ధం, రాయకపోతే సర్టిఫికెట్ లేదు. వారానికి ఒక్క పూట అమ్ముకునే రైతు వ్యాపారిగా లెక్కకు రాడు, రైతుగా గుర్తించి చోటిచ్చే ఏర్పాటు నగరంలో ఉండదు. కాగితం చూపించమంటారు, ఆ కాగితం ఇచ్చే కిటికీ ఎక్కడుందో చెప్పరు. ఈ ఖాళీని పూడ్చగలిగింది మీరే. ఈ చట్టం రైతుకు ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద వాదన ఉంటే కూర్చుని మాట్లాడుకుందాం. రసీదు లేకుండా పేదవాడి కాటా పట్టుకుపోవడానికి మాత్రం ఏ చట్టమూ ఒప్పుకోదు.

5. పక్క రాష్ట్రాలు ఎప్పుడో చేసిన పని ఇక్కడ ఇంకా అడుక్కోవాల్సి వస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. రైతుకు గుర్తింపు కార్డు, కూర్చోవడానికి స్థలం, గేటు దగ్గర ఆ రోజు ధరల బోర్డు. అదే ఏడాది తమిళనాడులో ఉళవర్ సందైలు వచ్చాయి, మొదటిది మదురైలో. రెండు చోట్లా ప్రభుత్వాలు మారాయి, బజార్లు ఇప్పటికీ ఉన్నాయి. లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల రైతుల పేరుతో వ్యాపారులు దూరారన్న ఫిర్యాదులు ఉన్నాయి. అది తనిఖీ చేసి సరిచేయాల్సిన విషయం, బజారే వద్దనడానికి కారణం కాదు.

బెంగళూరుకూ ఇది కొత్త కాదు. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా పుట్టిందే, రైతుల పండ్లు, కూరగాయలు నగరంలో అమ్మే నేటి హాప్‌కామ్స్. రైతు, నగరం నేరుగా కలవాలన్న ఆలోచనను ఈ నగరం అరవై ఏళ్ల కిందటే చేసి చూపించింది. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలేకాయి పరిషె జరుగుతుంది. దొడ్డ బసవణ్ణ గుడి ముందు రోడ్డు పొడవునా రైతులు వేరుశనక్కాయలు కుప్పలు పోసి అమ్ముతారు. పోలీసులు ట్రాఫిక్ మళ్లిస్తారు, నగర సిబ్బంది చెత్త ఎత్తుతారు, అధికారులు, మంత్రులు వస్తారు. లక్షల మంది వచ్చే పరిషెను అంత చక్కగా నడిపించే యంత్రాంగానికి, ముప్పై నలభై మంది రైతులు ఐదు గంటలు కూర్చునే సంత భారం కాదు.

6. నగరం చుట్టూ పల్లె మిగలదు. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 1,777 ఎకరాల సేకరణకు వ్యతిరేకంగా రైతులు మూడేళ్లకు పైగా పోరాడారు. 2025 జులైలో ముఖ్యమంత్రి ఆ ప్రతిపాదన వదులుకుంటున్నట్టు ప్రకటించారు. భూమి నిలిచింది. కానీ ఆ భూమి మీద కూరగాయలు, ద్రాక్ష, పూలు పండించి ఇల్లు గడవకపోతే, ప్రభుత్వం తీసుకోకపోయినా రేపు లేఅవుట్ల వాళ్లకు ఆ రైతే అమ్ముకుంటాడు.

నగరానికి, పల్లెకు నీళ్ల సంబంధం కూడా ఉంది. కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకం కింద రోజుకు 440 మిలియన్ లీటర్ల శుద్ధి చేసిన మురుగునీటిని కోలారు చెరువులకు పంపేలా ఏర్పాటు చేశారు. 2018 నుంచి నీళ్లు వస్తున్నాయి. ఎండిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పైకొచ్చాయి. ఆ మేలును మా ఊరివాళ్లు మరచిపోరు. అయితే ఆ నీళ్లకు రెండో దశ వరకే శుద్ధి జరుగుతోంది. మూడో దశ కూడా చేయాలని కోలారు జనం మొదటి నుంచీ అడుగుతున్నారు. ఆ నేలలో పండిన కూరగాయ తిరిగి మీ ఇంటికే వస్తుంది కాబట్టి ఇది మీ కోరిక కూడా కావాలి. మండూరు సంగతీ ఇలాంటిదే. 2014 చివర్లో ఆపేదాకా ఈ నగరం తన చెత్తను ఆ ఊరి మీద పోసింది. తడిచెత్తను ఎరువుగా మార్చి రైతుకు చేర్చి ఉంటే ఆ గుట్టలు అంత పెరిగేవి కావు.

సంతకు వ్యతిరేకంగా వచ్చిన ఫిర్యాదులను తోసిపుచ్చడం లేదు. కొనడానికి వచ్చినవాళ్లు స్కూటర్లు అడ్డదిడ్డంగా పెడుతున్నారని, అంబులెన్స్‌కు దారి ఉండటం లేదని ఒక సంఘం రాసింది. ఆ మాట నిజం. పార్కింగ్‌కు తాడు కట్టి, ఇద్దరు వాలంటీర్లను నిలబెడతామని, మిగిలిన ఆకులూ తొక్కలూ రైతులే తిరిగి తీసుకెళ్లి పశువులకు వేస్తారని మా అర్జీలోనే రాశాం. సేంద్రియమని చెప్పి మామూలు సరుకు అమ్ముతారేమో అన్న అనుమానం కూడా సరైనదే. ఐదుగురికి తగ్గకుండా రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి దేశంలో ఉంది. అందులో చేరినవాళ్లు ఆ కాగితం ముందు పెట్టుకుంటారు. చేరనివాళ్లు ఏ మందు ఎప్పుడు కొట్టారో అట్టముక్క మీద రాసి పెడతారు. దీనికి మా రైతులు ఒప్పుకున్నారు.

ఇక మేము అడిగేవి.

మొదటిది, నగరంలోని ఐదు కార్పొరేషన్లలో ఒక్కోదాంట్లో కనీసం రెండు స్థలాలను వారానికి ఒక్క పూట రైతుల సంతకు కేటాయిస్తూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ఆరు నెలలు నడిపి చూడండి. తాగునీరు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, ఒక చెత్తబండి చాలు, షెడ్లు వద్దు.

రెండోది, రైతు గుర్తింపు. కర్ణాటక రైతులకు ఫ్రూట్స్ అనే ప్రభుత్వ రైతు నమోదు వ్యవస్థలో ఎఫ్ఐడీ (రైతు గుర్తింపు) నంబరు ఇప్పటికే ఉంది, అది చూసి అనుమతి ఇవ్వండి. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్ల దగ్గర పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది. కౌలు రైతులకు, భూమి భర్త పేరు మీదో మామ పేరు మీదో ఉన్న ఆడవాళ్లకు గ్రామ పంచాయతీ ధ్రువీకరణ సరిపోయేలా చూడండి. ఇది మరచిపోతే సంతలో సగం మంది బయటే నిలబడాల్సి వస్తుంది.

మూడోది, తీసుకెళ్లిన కాటాలు తిరిగివ్వండి. ఇకపై నోటీసు, జాబితా, రసీదు లేకుండా ఏదీ పట్టుకోకూడదని సిబ్బందికి ఆదేశం ఇవ్వండి.

నాలుగోది, చెరువులకు వస్తున్న నీళ్లను, ఆ ఆయకట్టులో పండే కూరగాయలను క్రమం తప్పకుండా పరీక్షించి ఫలితాలు కన్నడంలో, తెలుగులో పంచాయతీ బోర్డుల మీద పెట్టండి. మూడో దశ శుద్ధికి గడువు ప్రకటించండి. తడిచెత్త ఎరువును, నాణ్యత పరీక్ష చేశాకే, సంతకు వచ్చిన రైతుల ఖాళీ బండ్లలో తిరుగు ప్రయాణంలో పంపే ఏర్పాటు చేయండి.

అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు విడిగా ఒక విన్నపం. శనివారం, ఆదివారం మీ ఆవరణలో కార్ల కంపెనీలకు, బ్యాంకులకు స్టాల్ పెట్టుకోవడానికి ఫీజు తీసుకుని చోటిస్తున్నారు. అదే ఫీజు రైతును అడిగితే అతను ఇచ్చుకోలేడు. నెలకు ఒక్క ఆదివారమైనా ఫీజు లేకుండా గేటు పక్కన చోటివ్వండి. మీ సంఘాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఉగాదికి వేపపూత, మామిడికాయ, సంక్రాంతికి చెరుకు, పసుపు కొమ్మలు ఎక్కడినుంచి వస్తాయో వాళ్లకు తెలుసు. సమావేశంలో ఈ విషయం వచ్చినప్పుడు దయచేసి నోరు విప్పి మాట్లాడండి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా జవాబు రాతపూర్వకంగా కావాలి. కుదరదంటే ఎందుకు కుదరదో రాయండి, దాన్ని పట్టుకుని పై అధికారుల దగ్గరికి వెళతాం. మా ప్రాంతంలో వాడుకలో లేని ప్రభుత్వ స్థలాల జాబితా తయారుచేసి పెట్టుకున్నాం. మీరు తేదీ చెబితే రైతుల తరఫున ఇద్దరు, కొనేవాళ్ల తరఫున ఇద్దరు ఆ జాబితాతో వస్తారు. ఆదివారం పొద్దున మాత్రం పెట్టవద్దు. చోటు లేకపోయినా కొందరు రైతులు ఇప్పటికీ ఆ పూట మా వీధుల్లో బుట్టలు నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్ముతున్నారు, వాళ్లకు ఆ బేరం పోకూడదు.

ఇట్లు,
ఆదివారం సంతలో కొనే కుటుంబాల తరఫున, అమ్మే రైతుల తరఫున,
ముళబాగిలు ఆడపడుచు, బెంగళూరు